మిగిలినవాళ్లనే కొలిచాం

ఫిబ్రవరి 9

ఆఫీసుకు వెళ్లగానే బ్యాగు భుజం మీంచి దించకముందే ఆ పేజీ తెరవడం అలవాటైపోయింది. పైన నా పేరు. కింద నా పరిశోధన పేపర్లు వరసగా, ఒక్కొక్కదాని పక్కన దాన్ని ఎన్ని చోట్ల ఉదహరించారో అంకె. అన్నిటికన్నా పైన ఎప్పుడూ అదొక్కటే ఉంటుంది. డిమెన్షియా మొదలైనవాళ్లు రోజూ గట్టిగా చదివితే జ్ఞాపకశక్తి నెమ్మదిగా తరుగుతుందని ఎనిమిదేళ్ల కిందట నేను రాసిన పేపరు. ఇవాళ దాని సైటేషన్లు వెయ్యి దాటాయి.

మిగతా పేపర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డా దాని నడుము దాకా రావు. ఈ ల్యాబు, ఈ కిటికీ ఉన్న గది, మీటింగుల్లో ముందు వరస కుర్చీ, అన్నీ దాని చలవే.

మా డిపార్ట్‌మెంటు హెడ్ స్వయంగా గదిలోకి వచ్చారు. ఆయన్ని వెనకాల అందరం పెద్దాయన అంటాం.

"వెయ్యంటే మాటలా అమ్మా! ఈ ఏడాది అవార్డుకి మన తరఫున నీ పేరే పంపాను. మేలో తేలుస్తారు. అప్పటిదాకా ఎవరితోనూ పేచీ పెట్టుకోకు."

"నేనెవరితో పేచీ పెట్టుకుంటానండీ?"

"అందుకే చెప్తున్నా. మంచివాళ్లే చివర్లో ఏదో ఒకటి చేసి కూర్చుంటారు."

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. పక్కనున్న బావకి అరిచి చెప్పింది: "ఇదిగో, మీ మరదలి పేపరు వెయ్యి మంది చదివారట!"

"చదవడం కాదక్కా, ఉదహరించడం."

"ఏదో ఒకటి. నేను మాత్రం రోజూ చేయిస్తున్నానే బుల్లీ. ఒక్క పూట కూడా మాన్పించలేదు."

బావకి ఆ జబ్బే ఉందని తెలిసి రెండేళ్లు దాటింది. అక్క గొంతులో ఆ ధీమా వినడం నాకెంత బాగుందో.

ఫిబ్రవరి 21

పిచ్చుక వచ్చింది. మా ల్యాబులో మూడేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి. ముప్ఫై ఏళ్లొచ్చినా, ఒక పిల్ల తల్లయినా, కుర్చీలో కుదురుగా కూర్చోవడం మాత్రం రాలేదు. అందుకే ఆ పేరు. ఇవాళ కూర్చుంది.

"మేడమ్, తలుపు వేయనా?"

నా పాత ప్రయోగాన్నే తను మళ్లీ చేసింది, ఇంకా ఎక్కువ మందితో, చాలా క్లినిక్కుల్లో. చేయమన్నది నేనే. పునాది గట్టిపడుతుందనుకున్నాను. ఏమీ రాలేదట. చదివినవాళ్లూ చదవనివాళ్లూ ఒకే తీరున తరిగారట.

"ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది."

"నేనూ అదే అనుకున్నాను మేడమ్. అప్పుడు మీరు మధ్యలో మానేసినవాళ్లని లెక్కలోంచి తీసేశారు కదా..."

"ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవాళ్లు."

"అవును మేడమ్. కాకపోతే ఈసారి నేను మానేసినవాళ్ల ఇళ్లకి కూడా వెళ్లాను. చదవలేక మానేశారు వాళ్లు. జబ్బు ముదిరి మానేశారు."

అంతే. అంత చిన్న సంగతి. చదవగలిగే స్థితిలో ఉన్నవాళ్లే చివరిదాకా చదివారు. మిగిలినవాళ్లనే కొలిచి మేం సంబరపడ్డాం.

"మంచి పని చేశావు. జర్నల్‌కి పంపేముందు మొత్తం ఒకసారి నేను చూస్తాను" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

ఫిబ్రవరి 22

చూస్తున్నాను.

మార్చి 3

దొరికింది! ఒక క్లినిక్కులో రోగుల వయసులు తారుమారుగా ఎక్కాయి. పిచ్చుకని పిలిచి చూపించాను. పాపం మొహం వాడిపోయింది. సరిచేసి భోజనాల వేళకి తిరిగొచ్చింది.

ఫలితం మారలేదు.

పొద్దున ఆ తప్పు కనబడినప్పుడు నేను ఒంటరిగా గదిలో చిన్న కేక వేశాను. మొన్నమొన్నటిదాకా ఇలాంటి తప్పులు కనబడితే విసుక్కునేదాన్ని.

మార్చి 11

నేను ఆపడం లేదు. మరోసారి చూస్తున్నాను. ఇంత పెద్ద విషయం తొందరపడి బయటపెడితే రేపు జవాబు చెప్పుకోవాల్సింది నేనే.

పిచ్చుక ఒప్పందం జులైతో అయిపోతుంది. వేరే చోట ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలంటే చేతిలో ఈ పేపరు ఉండాలి. ఇవాళ ఆ మాట అడగలేక, గుమ్మం దగ్గర నిలబడి వాతావరణం గురించి మాట్లాడి వెళ్లింది.

ఈ వారం పంపించేస్తాను.

మార్చి 15

మా ఆయన డెంటిస్టు. ఇంట్లో ఎక్కువ మాట్లాడరు, రోజంతా నోరు తెరిచిన మనుషులని చూసి చూసి. పొద్దున టీ తాగుతూ అడిగారు.

"పంపావా?"

"ఇంకో రెండు పరీక్షలు చేయిస్తున్నాను."

"ఊగే పన్నుని నాలికతో ఎన్నాళ్లు కదుపుతావు?"

"ఇది పన్ను కాదు."

"కాదు. పన్నయితే నొప్పి నీకొక్కదానికే ఉండేది."

రోజంతా ఆయన మీద కోపంగానే ఉంది.

మార్చి 16

ఈ వారం పంపించేస్తాను.

మార్చి 22

అక్క ఇంటికి వెళ్లి రెండు నెలలు దాటిందని ఇవాళ పొద్దున్నే బయల్దేరాను.

బావ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లిఫ్టులు బాగుచేశారు. పుస్తకం జోలికి పోయిన మనిషి కాదు. దినపత్రిక వస్తే ఆటల పేజీ చూసి మడిచి పక్కన పడేసేవారు. చేతులు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ ఉండేవి. ఒకసారి మా పెళ్లి పందిట్లోనే, ఆగిపోయిన ఫ్యానుని కుర్చీ ఎక్కి బాగుచేశారు, కొత్త చొక్కాతో.

నేను వెళ్లేసరికి ఆయన ముందు పిల్లల కథల పుస్తకం ఉంది. అక్క చేతిలో పెన్సిలు. ఆయన పదం దగ్గర ఆగినప్పుడల్లా బల్ల మీద టక్కుమని కొడుతోంది.

"కు... కుం..."

"నిన్న వచ్చింది కదండీ ఇది. కుందేలు. మళ్లీ."

"కుందేలు."

"గట్టిగా. గొణిగితే లాభం లేదు. గట్టిగా చదవాలని బుల్లి రాసింది."

నేనలా రాయలేదు అనబోయాను. రాశాను.

ఆయన మెడ మీద చెమట పట్టింది. ఒకచోట పుస్తకం మూసి లేవబోతే అక్క భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. నెమ్మదిగానే, కానీ అలవాటైన చేత్తో. నాకేసి తిరిగి "మొదట్లో బాత్రూములో దూరి గడియ పెట్టుకునేవారు. గడియ తీయించేశాను" అంది, సాధించినదాన్ని చెప్పినట్టు.

నేను సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాను.

అక్క కప్పులు పట్టుకుని వంటింట్లోకి వెళ్లగానే బావ నా వైపు వంగారు. గొంతు తగ్గించారు.

"అమ్మా, మీరు పెద్దింటివాళ్లలా ఉన్నారు. ఆ టీచరమ్మకి ఒక మాట చెప్పండి."

"ఏం చెప్పమంటారు?"

"నన్ను ఇంటికి పంపించమనండి. మా ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆయన నన్ను ఊరడించినట్టు తల ఊపారు. "టీచరమ్మ మంచిదే. కానీ చేతి మీద కొడుతుంది" అని, వంటింటి వైపు చూసి పుస్తకం మళ్లీ తెరిచారు.

అక్క వచ్చింది. "బాగానే చదువుతున్నారు" అన్నాను. బాగానే చదువుతున్నారు అని నేనే అన్నాను.

బస్సు స్టాపులో కూర్చుని వచ్చిన బస్సులన్నీ వదిలేశాను.

మార్చి 23

బావకి ఆ జబ్బు ఎలాగూ ముదురుతుంది. చదివినా, చదవకపోయినా.

రాసి చూస్తే, పిచ్చుక పేపర్లో ఉన్నది ఆ ఒక్క మాటే.

మార్చి 30

పెద్దాయనకి ఎలా తెలిసిందో తెలియదు. పిలిపించారు.

"ఆ పిల్ల పని చూశాను. బాగుంది. బాగుందనే నా బాధ."

"ఈ వారం పంపుదామనుకుంటున్నానండీ."

"పంపు. ఎవరు వద్దన్నారు? కానీ దాని మీద నీ పేరెందుకు? పిల్ల ఒక్కతే వేసుకోనీ. ఏదో చిన్న జర్నల్లో వేయించు. దానికీ ఒక పేపరు ఉంటుంది, నీకూ తలనొప్పి ఉండదు. మే దాటాక నువ్వు తీరిగ్గా ఏం రాసుకుంటావో రాసుకో."

"నాకు చెడ్డపేరు వస్తుందనా?"

"నీకు కాదమ్మా. మనకి."

మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలికపడింది. ఇన్నాళ్లూ ఈ దారి నాకెందుకు తోచలేదు?

ఏప్రిల్ 1

ఎలా చూసినా ఇదే న్యాయం. పని చేసింది తను. పక్కన నా పేరుంటే జనం తన పేరు చూడరు. నా నీడలోంచి ఆ పిల్ల బయటికి రావాలి. నా కెరీర్ మొదట్లో నాకెవరైనా ఇంత మేలు చేసి ఉంటే ఎంత బాగుండేది.

ఏప్రిల్ 2

పిచ్చుకకి చెప్పాను. పైన రాసిన మాటలే, దాదాపు అదే వరసలో. విని కాసేపు గోళ్లు చూసుకుంది.

"మీరు వద్దంటే మీ పేరు తీసేస్తాను మేడమ్. కానీ చిన్న జర్నల్లో, నా ఒక్కదాని పేరుతో వస్తే ఎవరు చదువుతారు?"

"మెల్లగా చదువుతారు."

"మేడమ్, నేను వెళ్లిన క్లినిక్కుల్లో గోడ మీద మీ పేపరు సారాంశం అంటించి ఉంది. పెద్ద అక్షరాల్లో. ఒకావిడ నన్ను వరండాలోకి తీసుకెళ్లి అడిగింది. మా ఆయన చదవనని మొండికేస్తే అన్నం పెట్టడం ఆపొచ్చా అని."

"ఏం చెప్పావు?"

"వద్దని చెప్పాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. అప్పటికింకా లెక్కలు తేలలేదు." లేచి నిలబడింది. "ఇప్పుడు తేలాయి కదా మేడమ్."

తలుపు చాలా నెమ్మదిగా వేసి వెళ్లింది. విసిరికొట్టినా బాగుండేది.

ఏప్రిల్ 3

రేపు పంపేస్తాను. పంపేముందు అక్కకి చెప్పాలనుకుని ఇవాళ వెళ్లాను. దారి పొడుగునా మొదటి వాక్యం తయారుచేసుకున్నాను. గుమ్మం దాటగానే అది ఎటో పోయింది.

బావ నిద్రపోతున్నారు. అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది.

"అక్కా, బావ చేత చదివించడం ఆపెయ్."

"ఎందుకే? ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నారు."

"దానివల్ల ఉపయోగం లేదు. మళ్లీ చేసి చూశాం. నేను రాసింది నిలబడలేదు."

అక్క చేతిలో గిన్నె తుడుస్తూనే ఉంది. ఎప్పుడో ఆరిపోయిన గిన్నె.

"ఎప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరిలో."

"ఇది ఏప్రిల్."

"సరిచూసుకుంటున్నాను అక్కా. ఇలాంటివి ఊరికే..."

"మొన్న నువ్వొచ్చి ఆ సోఫాలో కూర్చున్నప్పుడు తెలుసా?"

"తెలుసు."

"నేను ఆయన్ని భుజం పట్టి కూర్చోబెడుతుంటే తెలుసా?"

"తెలుసు."

"టీ తాగి వెళ్లావు."

అక్క గొంతు పెంచకుండానే మాట్లాడింది. పెంచితే ఆయన లేస్తారని.

"ఆయన నన్నేమని పిలుస్తారో విన్నావా?"

"విన్నాను."

"అదీ విన్నావన్నమాట. నేను ఆయన పెళ్లాన్నే. ముప్ఫై ఆరేళ్లు కాపురం చేశాను. కొన్నాళ్లకి నన్ను మరిచిపోతారని నువ్వే చెప్పావు, సరే, అది జబ్బు అనుకున్నాను. కానీ ఆ మిగిలిన రెండేళ్లూ నేను పెళ్లాంలా ఉండచ్చుగా? ఎదురుగా పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. తిట్టాను. ఒకసారి చేతి మీద కొట్టాను కూడా. బాగుపడతారనే కదే కొట్టాను!"

"నాకప్పుడు నిజంగానే పనిచేస్తుందనిపించిందక్కా. అబద్ధం రాయలేదు."

"అబద్ధం రాశావని నేనన్నానా?" గిన్నె బోర్లించింది. "పొద్దున లేస్తే చేయడానికి నాకు అదొక్కటే ఉండేది. ఇది చేస్తే ఆగుతుంది అనుకుంటూ లేచేదాన్ని. రేపు ఏమనుకుని లేవాలి?"

అక్క చేతులు తుడుచుకుంది.

"వెళ్లు బుల్లీ. ఆయన లేచే వేళయింది. నిన్ను చూస్తే పుస్తకం తీయాలనుకుంటారు."

ఏప్రిల్ 4

పంపాను. పెద్ద జర్నల్‌కే, నా పాత పేపరు వచ్చినచోటికే. మొదట పిచ్చుక పేరు, చివర నాది. మొదటి పేరాలోనే రాశాను: మేం ఇంతకుముందు ప్రకటించిన ఫలితం నిలబడదు, మానేసినవాళ్లను వదిలేసి మిగిలినవాళ్లనే కొలవడం వల్ల అది పుట్టింది. పిచ్చుక ఆ వాక్యం చదివి "కొంచెం మెత్తగా రాద్దామా మేడమ్?" అంది. వద్దన్నాను.

పెద్దాయనకి కాపీ పంపాను. జవాబు రాలేదు.

ఏప్రిల్ 6

అక్క ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 9

ఎత్తలేదు.

ఏప్రిల్ 17

క్లినిక్కులకి ఉత్తరాలు రాస్తున్నాను, గోడల మీద సారాంశం తీసేయమని. పేపరు అచ్చయ్యేదాకా ఆగమని కొందరు, పైవాళ్లనడగాలని కొందరు. ఒకచోట డాక్టరు ఫోన్ చేసి మరీ అడిగాడు, "మరి దాని బదులు ఏం అంటించమంటారు?" అని. గోడ ఖాళీగా ఉంటే వచ్చినవాళ్లు కంగారు పడతారట.

అక్క ఎత్తలేదు.

మే 8

అవార్డు వేరేవాళ్లకి వచ్చింది. నిద్ర మీద పరిశోధన చేసే ఆయనకి. మంచి పనే.

పెద్దాయన కారిడార్లో ఎదురై ఆగారు. కోపంగా ఉంటారనుకున్నాను. అలిసిపోయి ఉన్నారు.

"మా అమ్మ చేత కూడా చదివించానమ్మా, నీ పేపరు చూసి" అన్నారు. తన గదిలోకి వెళ్లిపోయారు.

ఇన్నేళ్లలో ఆయన తల్లి మాట ఆయన నోట నేను వినడం ఇదే మొదటిసారి.

మే 9

వెయ్యి అంటే ఎంతమంది? ఉదహరించినవాళ్లు వెయ్యి. వాళ్లని చదివినవాళ్లు, వాళ్లు చెప్పగా విన్నవాళ్లు, విని ఇంటికెళ్లి పుస్తకం తీసినవాళ్లు. వాళ్లకి నేనెవరో తెలియదు. వాళ్ల అంకె ఏ పేజీలోనూ ఉండదు.

ఇవాళ ఇంకేమీ రాయలేను.

జూన్ 19

పేపరు అచ్చుకి ఒప్పుకున్నారు. పిచ్చుక ల్యాబులో ఒకచోట నిలబడలేక మూడు గదులూ తిరిగింది. దూరంగా ఒక ఊళ్లో ఉద్యోగం కూడా దాదాపు ఖాయమట. ఇంటర్వ్యూలో వాళ్లడిగారట, "మీ గురువు పేపరునే తప్పన్నారు, ఆవిడ ఎలా ఒప్పుకున్నారు?" అని.

"ఏం చెప్పావు?"

"టైం పట్టిందని చెప్పాను మేడమ్" అంది, మొహమాటంగా నవ్వుతూ. నాకూ నవ్వొచ్చింది. ఆ మాట వినడం కష్టంగా కూడా ఉంది.

జులై 12

పిచ్చుక వెళ్లిపోయింది. దాని కుర్చీ అలాగే ఉంది, పెద్దగా అరగకుండా.

పేపరు అచ్చయింది. దానికి ఇప్పటికి సైటేషన్లు నాలుగు. తప్పని మేమే చెప్పిన పాతదానికి ఈ వారమే ఇంకో ఏడు పెరిగాయి. వాళ్లందరికీ ఒక్కొక్కరికీ ఉత్తరాలు రాస్తున్నాను. ఒకరు జవాబిచ్చారు: "మీ వినయం గొప్పది, కానీ మీ మొదటి పేపరంటేనే మాకిష్టం."

జులై 26

ఇవాళ అక్క ఫోన్ చేసింది. అక్కే చేసింది.

"ఖాళీయేనా?"

"ఖాళీయే."

"బజారుకెళ్లాలి. ఆయన దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. రా."

వెళ్లాను. అక్క సంచి తీసుకుని, నాతో రెండు మాటలు కూడా మాట్లాడకుండా వెళ్లిపోయింది. బావ బాల్కనీలో కూర్చుని ఉన్నారు. చిక్కిపోయారు. జుట్టు నున్నగా దువ్వి ఉంది, చొక్కా బొత్తాలన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి. పక్క కుర్చీలో కూర్చున్నాను. పాతికేళ్లుగా ఈ జబ్బున్నవాళ్ల ఎదురుగా కూర్చున్నాను, ప్రశ్న అడగకుండా కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఋతువు, ఈ మూడు పదాలు గుర్తుపెట్టుకోండి. అలాంటివేవీ అడగలేదు.

చివరికి ఆయనే అడిగారు.

"నువ్వేం చేస్తుంటావమ్మా?"

"మతిమరుపు జబ్బు మీద పనిచేస్తుంటానండీ."

"ఎవరికుంది?"

"చాలామందికి ఉంది."

"అయ్యో." కాసేపు వాళ్ల గురించి బాధపడ్డారు. "ఏం చేస్తే తగ్గుతుంది?"

"తెలియదండీ."

ఏ సభలోనూ నేనీ ఒక్క మాట దగ్గర ఆగలేదు. ఎప్పుడూ వెనకాల ఒక "కానీ" తగిలించేదాన్ని. ఆయన నా మొహంలోకి చాలాసేపు పరీక్షగా చూశారు.

"తెలియనిది తెలియదంటున్నావు చూడు," అన్నారు, "నువ్వు పైకొస్తావు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వెనక్కి తిరిగితే బాల్కనీ గుమ్మంలో అక్క సంచితో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"దాన్ని మరీ అంత పొగడకండి" అంది ఆయనతో.

"మీకు తెలిసిన పిల్లేనా?" అన్నారాయన.

అక్క వచ్చి మా ఇద్దరి మధ్యా చేట పెట్టి, సంచిలోని బఠానీ కాయలు అందులో గుమ్మరించింది.

"మా చెల్లెలు" అంది. తర్వాత నా వైపు చూడకుండానే, "ఊరికే కూర్చునే బదులు ఇవి వలువు" అంది.

బావ అప్పటికే మొదటి కాయ అందుకున్నారు. నేనొకటి తీసుకున్నాను. అక్క ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. చేట ఖాళీ అయ్యేదాకా ముగ్గురం వలిచాం.